నీలం తిరిగిన బంగారం

"బావగారూ, ఈ కేసులో మీకు మిగిలిందేమీ లేదు. టీ తాగి బయల్దేరండి," అన్నారు ఇన్‌స్పెక్టరు.

మర్యాదగానే అన్నారు. ఆయన నాకు వియ్యంకుడు. మా అమ్మాయిని వాళ్ళబ్బాయికి ఇచ్చి ఐదేళ్ళయింది. అయినా ఆయన పోలీసు టోపీ తీసి పక్కన పెట్టినప్పుడు కూడా మగపెళ్ళివారి బెట్టు మాత్రం తలమీదే ఉంచుకుంటారు. నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని కాబట్టి మేమిద్దరం ఒకే నేరం దగ్గర తారసపడటం మామూలే. అలా తారసపడినప్పుడల్లా, న్యాయం ఎటున్నా, తగ్గాల్సింది ఆడపిల్ల తండ్రే. పైగా ఆదివారం వాళ్ళు మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. ఈలోపు ఆయనతో పేచీ పెట్టుకుంటే ఆ వంటేదో నన్నే చేసుకోమని మా ఆవిడ పొద్దున గుమ్మంలోనే హెచ్చరించి పంపింది.

"టీ తాగుతాను," అన్నాను. "బయల్దేరే సంగతి తాగాక చూద్దాం."

మేం కూర్చున్నది ఒక పరిశోధనశాల ఆఫీసు గదిలో. అద్దాల గోడకి అవతల ల్యాబు కనిపిస్తోంది. తెల్లటి బల్లలు, బోర్లించిన గాజు పాత్రలు, గోడ వారగా తాళం వేసుకునే ఫ్రిజ్. ఆ ఫ్రిజ్ మధ్య అరలో ఉన్న అరచేతిలో పట్టే సీసా గురించే ఈ గొడవంతా. నిన్న సాయంత్రం దాకా అందులోది దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది. పొద్దున తలుపు తీసి చూసేసరికి బూడిద కలిపినట్టు నీలంగా మారి, అడుగున నల్లటి మడ్డి పేరుకుని ఉంది.

అందులో ఉన్నది బంగారం. నేనూ మొదట నమ్మలేదు. ఈ ల్యాబు నడిపే ఆవిడని ఇక్కడ అందరూ డాక్టరమ్మ అంటారు. బళ్ళో పిల్లాడికి చెప్పినట్టు నాకు ఓపిగ్గా చెప్పింది. ఒక వెంట్రుక మందంలో నాలుగైదు వేల కణాలు పక్కపక్కన పట్టేంత సన్నగా చేస్తే బంగారం పచ్చగా ఉండదట. నీళ్ళలో తేలుతూ ఎర్రగా కనబడుతుందట. దాన్నే నానో బంగారం అంటారు. కణాలు విడివిడిగా ఉన్నంతసేపూ ఎరుపు, ఒకదానికొకటి అతుక్కుంటే నీలం. డాక్టరమ్మ ఏం చేసిందంటే, ఒక్కో కణానికీ యాంటీబాడీలు తొడిగింది. అప్పుడే పుట్టిన బిడ్డ రక్తంలో రోగక్రిమి జాడ ఉంటే ఆ కణాలన్నీ దాన్ని పట్టుకుని గుమిగూడతాయి, ఎర్ర చుక్క నీలంగా తిరుగుతుంది. పావుగంటలో సంగతి తేలిపోతుంది. ఇప్పుడు ఆస్పత్రుల్లో జరిగే పరీక్షకి రెండు రోజులు పడుతోంది. అంతసేపు ఆగలేని పసికందులు ఎంతోమంది.

ఆ పావుగంట నిజమో కాదో తేల్చడానికి ఇవాళ నాలుగింటికి ముగ్గురు సభ్యుల కమిటీ ల్యాబులో కూర్చుంటుంది. పిల్లల ఆస్పత్రి నుంచి రక్తపు నమూనాలు కూడా వచ్చేశాయి. నెగ్గితే పరీక్ష ఆస్పత్రులకి వెళ్తుంది. ఓడితే ల్యాబుకి తాళం పడుతుంది. ఉన్న సీసా ఒక్కటే. మళ్ళీ ఇంకొకటి చెయ్యాలంటే నెలలు కావాలి, అప్పటికి ఈ ల్యాబు ఉండదు.

"ఏం కనిపెట్టారు బావగారూ?" అని అడిగాను, టీ చల్లార్చుకుంటూ.

ఆయన జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్లమీద పెట్టారు. అందులో చిన్న చిన్న ఉప్పు పొట్లాలు. డాక్టరమ్మ సొరుగులో దొరికాయట. మధ్యాహ్నం పూట కీరా ముక్కల మీద చల్లుకోడానికి పెట్టుకున్నానని ఆవిడ చెప్పిందట.

"చిటికెడు ఉప్పు పడితే చాలు, ఎర్రది నీలమవుతుంది. ఆ మాటా ఆవిడే చెప్పింది. ఫ్రిజ్ తాళంచెవి ఆవిడదే. నలుగురి ముందు పరీక్ష తప్పితే పరువు పోతుంది, ఎవరో పాడుచేశారంటే జాలి పుడుతుంది. ఉప్పు తిన్నవాళ్ళు నీళ్ళు తాగాల్సిందే బావగారూ. మూడింటికి నా రిపోర్టు వెళ్ళిపోతుంది."

తొమ్మిదికి ముందే గేట్లన్నీ మూయించారని, అప్పట్నుంచి చీమ కూడా బయటికి పోలేదని మరో రెండు ముక్కలు గర్వంగా చెప్పారు. నేరస్థురాలు లోపలే ఉన్నప్పుడు గేట్లు మూయించడం దేనికని నోటిదాకా వచ్చింది. ఆదివారం గుర్తొచ్చి మింగేశాను.

డాక్టరమ్మ లోపలి గదిలో ఉంది. పక్కన ఆవిడ గురువుగారు కూర్చుని ఉన్నారు. మాస్టారు అంటే చాలు, ఈ రంగంలో అందరికీ ఆయనే గుర్తొస్తారట. బంగారాన్ని ఎర్రగా చెయ్యడం ఆవిడకి నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆస్పత్రుల్లో జరుగుతున్న రెండు రోజుల పరీక్ష ఆయన పేరుతోనే ఉంది. ఇవాళ్టి కమిటీలో ఆయనా ఒకరు. మిగతా ఇద్దరూ నాలుగింటికి వస్తారు, ఈయన మాత్రం శిష్యురాలి మీద అభిమానం కొద్దీ నిన్న మధ్యాహ్నమే వచ్చి గెస్టు రూములో దిగారు.

"పోనీలేమ్మా, వచ్చే ఏడాది చూసుకుందువు గాని," అంటూ ఆవిడ తల నిమురుతున్నారు. ఆవిడ ఏడవడం లేదు. ఏడుపు అయిపోయి కోపం మిగిలిన మొహం అది. నాకు అలాంటి మొహాలంటే గౌరవం.

నిన్న సాయంత్రం సంగతి అడిగాను. అయిదింటికి సీసా ఫ్రిజ్‌లో పెట్టి తాళం వేసిందట. నమూనాల గురించి మాట్లాడటానికి ఆస్పత్రికి వెళ్ళిందట. మాస్టారు మైక్రోస్కోపు ఫోటోలు చూస్తూ కూర్చుంటానంటే ల్యాబు ఆయనకే అప్పగించి, తాళంచెవి బల్లమీద పెట్టి వెళ్ళింది. ఏడింటికి తిరిగొచ్చి చెవి బ్యాగులో వేసుకుని, భర్తతో కలిసి ఇంటికి వెళ్ళింది. ఫ్రిజ్‌కి తాళం ఉంది కదా అని తెరిచి చూడలేదు. మాస్టారు ఆరింటిదాకా ఉన్నానని, కళ్ళు లాగుతుంటే గదికి పోయి పడుకున్నానని చెప్పారు.

"సీసా చూపిస్తారా?" అన్నాను.

ఇన్‌స్పెక్టరు మా వెనకే వచ్చారు. నేను చెయ్యి చాపగానే, "చేతులు బావగారూ," అన్నారు. రుమాలు చుట్టుకుని సీసా ఎత్తాను. అర మీద అది ఆనిన చోట నీలంగా గుండ్రటి మరక ఎండిపోయి ఉంది. కింది పళ్ళెంలో కూడా అదే రంగు తడి. సీసాని వెలుతురుకి తిప్పి చూస్తే, అడుగునుంచి పైకి పాకిన సన్నటి పగులు కనబడింది. గోరుతో రాస్తే తప్ప తెలియనంత సన్నం. సీసాలోది ఆ పగుల్లోంచి కారి కారి మూడొంతులకి దిగింది.

"మా వాళ్ళు పట్టుకున్నప్పుడు ఎక్కడో తగిలుంటుంది," అన్నారు ఇన్‌స్పెక్టరు.

"తగిలితే తగిలిన చోట నెర్రె విచ్చుతుంది. ఇది లోపల్నుంచి తోసినట్టుంది," అన్నాను. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, ఇందులో ఉప్పు పడిందో లేదో చెప్పే సాధనం ఏదైనా ఉందా అని అడిగాను.

ఉంది. నీళ్ళలో ఉప్పు ఎంతుందో కొలిచే చిన్న మీటరు. ఆవిడ చుక్క తీసి పెట్టింది. అంకె అక్కడే నిలబడింది, మామూలుగా ఎంత ఉండాలో అంతే. ఇన్‌స్పెక్టరు ఒప్పుకోలేదు. ల్యాబూ ఆవిడదే, మీటరూ ఆవిడదే, ఎలా చెప్పమంటే అలా చెబుతుందన్నారు. ఆ మాటా నిజమే కదా అని నేను కుళాయి నీళ్ళు గ్లాసులో పట్టి, ఆయన కవరులోంచే ఒక పొట్లం అడిగి, చిటికెడు వేసి, మీటరు ఆయన చేతికే ఇచ్చాను. అంకె ఎగిరి పై గీత దాటింది. ఆయన మీటరు కేసి, పొట్లం కేసి మార్చి మార్చి చూశారు.

"నా సాక్ష్యంలో ఒక పొట్లం తగ్గింది," అన్నారు చివరికి.

"మిగతావి కూడా ఇచ్చేయండి, ఆవిడ కీరా ముక్కలు ఎదురుచూస్తున్నాయి," అన్నాను. ఆదివారం వంట నా నెత్తిన పడినా సరే అనిపించింది ఆ క్షణంలో.

పగులు సంగతి నాకు సైన్సు వల్ల తెలిసింది కాదు. మొన్న వేసవిలో సోడా సీసా తొందరగా చల్లబడాలని ఫ్రిజ్ పైఅరలో, మంచు కట్టే చోట పెట్టి మర్చిపోయాను. తెల్లారి చూస్తే సరిగ్గా ఇలాగే ఉంది. దాని పక్కనే పెట్టిన సగం ఖాళీ సీసాకి మాత్రం ఏమీ కాలేదు. ఆ నెర్రె గురించి మా ఆవిడ నాతో మాట్లాడిన మాటలు ఇక్కడ రాయడం బాగుండదు.

"డాక్టరమ్మగారూ, ఇది గడ్డకట్టి కరిగింది," అన్నాను.

ఆవిడ మొహంలో రంగు మారింది. మాస్టారు కూడా కుర్చీలో ముందుకి వంగారు. ఆయన ఆశ్చర్యం నటన కాదు, అది మాత్రం నేను గట్టిగా చెప్పగలను.

"నా బంగారాన్ని గడ్డకట్టించారా?" అంది ఆవిడ. బిడ్డని ఎండలో వదిలేశారని విన్న తల్లి గొంతులా ఉంది. మంచు కట్టేటప్పుడు నీళ్ళు కణాలన్నిటినీ ఓ మూలకి నెట్టేస్తాయట. ఒక్కసారి అతుక్కున్నాయంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా విడదీయలేడట. ఈ రంగంలోకి వచ్చినవాళ్ళకి మొదటి రోజు చెప్పే పాఠం ఇదే. "మా ల్యాబులో ఎవరూ చెయ్యరు ఈ పని. పగబట్టినవాడు కూడా చెయ్యడు, వాడు ఉప్పు వేస్తాడు."

"పగ లేనివాడు చేస్తాడేమో," అన్నాను. "విలువైన వస్తువు కనిపిస్తే చాలు, మంచులో పెట్టడమే దానికి క్షేమం అనుకునేవాళ్ళు ఈ బిల్డింగులో ఎవరైనా ఉన్నారా?"

ఆవిడ చూపు వరండా దాటి ఎదుటి గది తలుపు మీద పడింది. ఆ గది ఆవిడ భర్తది.

ఆయన జీవకణాల మీద పరిశోధన చేస్తారు. కణాలాయన అని పేరు. పొద్దున నాకు ఫోను చేసి, మా ఆవిడ మీద నింద పడుతోంది, మీరు వచ్చి కాపాడాలి అని బతిమాలింది ఆయనే. అప్పట్నుంచి మూడుసార్లు మా గది గుమ్మం దాకా వచ్చి, ఏదో చెప్పబోయి, టీ కావాలా అని అడిగి వెళ్ళిపోయారు. టీ మీద అంత శ్రద్ధ ఎందుకా అనుకున్నాను.

గదిలో గోడ పొడుగునా బీరువాలంత డీప్‌ఫ్రీజర్లు. సున్నాకి ఎనభై డిగ్రీల కింద ఉంటాయట. ఒకటి తెరిచి చూపించమన్నాను. తెల్లటి ఆవిరి బుసకొట్టింది. లోపల బుల్లి గొట్టాలు వరసలుగా నిద్రపోతున్నాయి. ఆయన వాటిని పేరుపేరునా పరిచయం చేశారు. ఫలానావి పన్నెండేళ్ళ నాటివి, ఫలానావి ఇంకా పాతవి, బయటికి తీసి వెచ్చబెడితే నిన్న నిద్రపోయినట్టు లేచి కూర్చుంటాయి అంటూ.

"ఎంత విలువైనదైనా ఇందులో పెట్టేయొచ్చన్నమాట," అన్నాను.

"విలువైనదైతే ముందు ఇందులోనే పెట్టాలండీ," అన్నారాయన ఉత్సాహంగా. అని, నా మొహం చూసి, తలుపు మెల్లిగా మూసేశారు.

"మీ ఆవిడ సీసాని ఇందులో ఎన్నింటికి పెట్టారు?"

ఆయన స్టూలు మీద కూలబడ్డారు. తర్వాత మాట దానంతటదే వచ్చేసింది. ఆరున్నరకి భార్యని ఇంటికి తీసుకెళ్దామని ల్యాబులోకి వెళ్ళారట. గదిలో ఎవరూ లేరు. సీసా సింకు పక్కన బల్లమీద, బయటే ఉంది. అలసటలో మర్చిపోయింది పాపం అనుకున్నారు. ఫ్రిజ్ చూస్తే తాళం, చెవి ఎక్కడా కనబడలేదు. రాత్రంతా బయట ఉంటే పాడవుతుందని భయపడి, కళ్ళకద్దుకుని తీసుకొచ్చి, తన దగ్గరున్న అన్నిటికంటే మంచి ఫ్రీజర్లో, అన్నిటికంటే మంచి అరలో పెట్టారు. మర్చిపోయావంటే నొచ్చుకుంటుందని రాత్రి ఆవిడకి చెప్పలేదు. పొద్దున అందరికంటే ముందొచ్చి తీసి, భార్య బ్యాగులోంచి తెచ్చిన తాళంచెవితో ఫ్రిజ్ తెరిచి తిరిగి పెట్టేశారు. కాసేపాగి అది కరుగుతుంటే చూశారు, నీలంగా.

"గడ్డకట్టించకూడదని నాకు పెళ్ళయిన కొత్తలోనే చెప్పిందట. నేను విన్నట్టు లేదు," అన్నారు. కొంచెం ఆగి, గొంతు తగ్గించి బతిమాలారు. "మీరు నన్ను అరెస్టు చేయించండి. అసూయతో చేశానని రాసిస్తాను. డీప్‌ఫ్రీజర్‌లో పెట్టానని మాత్రం ఆవిడకి చెప్పకండి."

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఈయన పాపం చెబితే కాపురమే పోయేలా ఉంది. నాకు ఫీజు ఇచ్చి మరీ తనని తాను పట్టించుకున్న మనిషిని ఇదే మొదటిసారి చూడటం. నవ్వాపుకుని, చెయ్యి పట్టుకుని, వరండా దాటించాను.

ల్యాబులో ఆయన అంతా మళ్ళీ చెప్పారు. మాస్టారు అప్పటికే టీ గదికి వెళ్ళారు, ల్యాబులో ఉన్నది మేం నలుగురమే. డాక్టరమ్మ భర్తకేసి చూసిన చూపుకి నేనే రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన నేల చూపులు చూస్తున్నారు. ఇన్‌స్పెక్టరు దగ్గారు.

"చూశారా బావగారూ, ఎంతైనా ఇంట్లోవాళ్ళ పనే," అన్నారు. "రిపోర్టులో భార్య పేరు కొట్టేసి భర్త పేరు రాస్తాను. మీ శ్రమ ఊరికే పోలేదు."

"ఒక్క నిమిషం," అన్నాను. ఆయన రిపోర్టు కంటే నన్ను ఇంకో విషయం వేధిస్తోంది. నా సోడా సీసా పగిలింది, పక్కన సగం సీసా పగల్లేదు. "డాక్టరమ్మగారూ, నిండా ఉన్న సీసాయే మంచుకి పగులుతుంది. మీ సీసాలో ఎంత ఉంది?"

"సగం," అంది ఆవిడ భర్తమీంచి చూపు తియ్యకుండానే. "యాంటీబాడీలు తొడిగాక రోజూ కాస్త కుదపాలి. అందుకని సగానికి మించి ఎప్పుడూ పొయ్యను." అంటూనే ఆగిపోయింది. భర్త దగ్గరికి నడిచి వెళ్ళి, "మీరు పెట్టినప్పుడు ఎంతుంది?" అని అడిగింది.

"మెడదాకా," అన్నారాయన బిక్కచచ్చిపోయి. "ఒలుకుతుందేమోనని రెండు చేతులతో పట్టుకుని వెళ్ళాను."

ఆవిడ రెండు చేతులతో ఆయన మొహం పట్టుకుంది. కొడుతుందేమో అనుకున్నాను. నవ్వింది. పొద్దుట్నుంచీ ఎవరూ చూడని నవ్వు.

"అది నాది కాదండీ. మీరు చంపింది నా బంగారాన్ని కాదు."

సంగతి అర్థం కావడానికి ఇన్‌స్పెక్టరుకి నేను రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. ఎవరో అసలుది తీసేసి, ఆ స్థానంలో యాంటీబాడీలు లేని వట్టి ఎర్ర బంగారం పెట్టారు. చూడటానికి రెండూ ఒక్కటే. నాలుగింటికి కమిటీ ముందు ఆవిడ దాన్నే పోసేది, ఏ చుక్కా నీలమయ్యేది కాదు, ఇన్నేళ్ళ పని ఒట్టి గొప్పలని తేలేది. దొంగతనం జరిగిందని కూడా ఎవరికీ తెలిసేది కాదు. కణాలాయన తెలివితక్కువ పని చేసి ఆ పన్నాగాన్ని పాడుచేశారు. గేట్లు మూసి ఉన్నాయి, చీమ బయటికి పోలేదు. అంటే, రాత్రికి రాత్రే ఎవరైనా పట్టుకుపోయి ఉంటే తప్ప, అసలు సీసా ఇంకా ఈ ఆవరణలోనే ఉండాలి.

"బావగారూ, మీరు గేట్లు మూయించడం మంచిదైంది," అన్నాను. ఈసారి నిజంగానే అన్నాను. ఆయన మీసం కింద సంతోషం కనబడింది.

"సీసాని మెడదాకా నింపే అలవాటు ఎవరికుంటుంది?" అని డాక్టరమ్మని అడిగాను.

"పాతకాలం పద్ధతి. లోపల గాలి ఉండకూడదని నింపేవాళ్ళు."

"మీకెవరు నేర్పారు?"

ఆవిడ తెల్లకోటు గుండీ ఒకటి పట్టుకుని తిప్పుతూ నిలబడింది. ఆ నవ్వు ఎటుపోయిందో పోయింది. నేను రెట్టించలేదు. అనుమానం ఆవిడకి ఎవరి మీద వచ్చిందో నాకు తెలుసు, నాకు తెలుసని ఆవిడకీ తెలుసు. కానీ సీసాని మెడదాకా నింపినంత మాత్రాన ఒక పెద్దమనిషిని దొంగ అనలేం. గది సోదా చేద్దామా అంటే కమిటీ సభ్యుడి గది, కాగితం లేకుండా ఇన్‌స్పెక్టరు కూడా గడప దాటలేరు. గంట చూస్తే మూడు కొట్టబోతోంది.

అందుకని మా వియ్యంకుడి సాయం అడిగాను. అలా అడగడం నాకు ఎంత కష్టమో ఆయనకి తెలుసు. కాసేపు బెట్టు చేశారు, ఆదివారం నాడు ఈ విషయం మా ఆవిడ ముందు ఒప్పుకోవాలని షరతు పెట్టారు. సరేనన్నాను. విన్నాక మాత్రం, ఇదేదో బాగానే ఉందే అన్నట్టు టోపీ సర్దుకున్నారు.

టీ గదిలో మాస్టారుతో పాటు ల్యాబుల వాళ్ళు ఏడెనిమిది మంది ఉన్నారు. ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడి పోలీసు గొంతుతో ప్రకటించారు. కరెంటు లైనులో లోపం వచ్చిందట. ఈ బిల్డింగులోనూ గెస్టు రూముల్లోనూ ఫ్రిజ్‌లన్నీ అదుపు తప్పి చల్లబడిపోతున్నాయట. అరగంటలో వాటిలో ఏమున్నా మంచుగడ్డే, మనిషి వచ్చి బాగుచేసేదాకా ఎవరూ ఏమీ చెయ్యలేరట. ఈ మాటలో సైన్సు ఎంతుందో నాకప్పుడు తెలియదు. అణువంత కూడా లేదని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. కానీ దొంగసొత్తు దాచుకున్నవాడు సైన్సు తూకం వేసుకుంటూ కూర్చోడని నా నమ్మకం.

కణాలాయన శిష్యులు, మంచిదేగా అని టీ తాగుతూ కూర్చున్నారు. ఒకతను ఎవరి ఫ్రిజ్‌లోనో పెట్టిన భోజనం డబ్బా గురించి బెంగపడ్డాడు. మాస్టారు కప్పు కింద పెట్టారు. తీరా చూస్తే సగం టీ అలాగే ఉంది. కాళ్ళు పట్టేశాయని, అలా నాలుగడుగులు వేసొస్తానని ఎవరూ అడక్కుండానే చెప్పి లేచారు. గది దాటేదాకా మెల్లిగా నడిచారు. వరండా మలుపు తిరిగాక ఆ వయసులో ఆ వేగం నేను ఊహించలేదు.

మేం నలుగురం వెనకే వెళ్ళాం. గెస్టు రూము తలుపు వెయ్యడం కూడా మర్చిపోయారాయన. మంచినీళ్ళ సీసాలు పెట్టుకునే చిన్న ఫ్రిజ్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. చేతిలో సగం నిండిన చిన్న సీసా. దాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి చూశారు. ఎర్రగా మెరిసింది. హమ్మయ్య అని, స్వెట్టరు లోపలికి దోపి, రెండు అరచేతులూ దానిమీద కప్పి వెచ్చబెడుతున్నారు.

ఇన్‌స్పెక్టరు ముందుకి కదిలారు. డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"మాస్టారూ," అంది.

ఆయన ఉలిక్కిపడలేదు. లేవలేదు కూడా. చేతులు అలాగే ఉంచి తల తిప్పారు.

"పారబోద్దామనే తీశానమ్మా. సింకు దాకా వెళ్ళాను," అన్నారు. "ఎత్తి చూశాను. ఇంత చక్కగా నేనెప్పుడూ చెయ్యలేదు. చెయ్యి రాలేదు."

ఆరింటికి ఆయన తన నకిలీ సీసాని తిరిగొచ్చి సగానికి వంపి లోపల పెడదామని సింకు దగ్గరే ఉంచి, ఖాళీ ఫ్రిజ్ ఎవరి కంటా పడకుండా తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, అసలుది గదిలో దాచడానికి వచ్చారు. తిరిగి వెళ్ళి చూస్తే బల్లమీద సీసా లేదు. చేసేదేమీ లేక తాళంచెవి బల్లమీద వదిలేసి వచ్చి, రాత్రంతా కళ్ళు తెరుచుకునే పడుకున్నారు. పొద్దున ఫ్రిజ్‌లో నీలంగా ఉన్న దాన్ని చూసి అందరికంటే ఎక్కువ బిత్తరపోయింది ఆయనే. ఇంకో ఏడాదిలో రిటైరవుతున్నారు. తన పేరున్న పరీక్షని తన కళ్ళముందే తీసి పక్కన పడేస్తారు కదా అని, ఒక్క ఏడాది ఆగితే బాగుండుననుకున్నారు. ఆయన కోరికల్లా అదే. వింటుంటే నాకు కోపం వచ్చింది. పురిటి మంచాల పక్కన ఎదురుచూసే తల్లులకి ఆ ఏడాది ఎవరిస్తారని అడగాలనిపించింది. కానీ ఆ చేతులు స్వెట్టరు మీంచి సీసాని ఇంకా వెచ్చబెడుతూనే ఉన్నాయి.

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను వచ్చినప్పట్నుంచీ ఏడవని మనిషి ఇప్పుడు ఏడ్చింది. దగ్గరికెళ్ళి చెయ్యి చాపింది. ఆయన సీసా ఇచ్చేశారు. ఆవిడ దాన్ని ఒకసారి మెల్లిగా కుదిపి, భర్త చేతికి కాకుండా తన కోటు జేబులోనే పెట్టుకుంది.

"నాలుగవుతోంది. మిగతా ఇద్దరూ వచ్చేస్తారు," అంది. "మీ కుర్చీ ఖాళీగా ఉండటానికి వీల్లేదు మాస్టారూ. వచ్చి కూర్చోండి. చుక్క నీలమో ఎరుపో మీ నోటితో మీరే చెప్పాలి. ఆ తర్వాత ఇన్‌స్పెక్టరుగారితో వెళ్ళండి."

చట్టంలో దీనికి చోటుందో లేదో నాకు తెలియదు. మా వియ్యంకుడికి తెలుసు. ఆయన నాకేసి చూశారు, నేను ఆయనకేసి చూశాను. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు.

"నాలుగున్నర దాకా నేనేమీ చూడలేదు," అన్నారు.

కమిటీ కూర్చుంది. మధ్య కుర్చీలో మాస్టారు. ఆయనకి కుడిపక్కన పిల్లల ఆస్పత్రి పెద్ద డాక్టరు. డాక్టరమ్మ తెల్లటి పలక మీద ఎర్ర చుక్కలు వరసగా వేసి, ఒక్కోదానిలో ఒక్కో బిడ్డ రక్తం కలిపింది. నమూనాలు ఎవరివో ఆవిడకి తెలియదు, వాటిమీద నంబర్లే ఉన్నాయి. కణాలాయన గోడకి ఆనుకుని గోళ్ళు కొరుక్కుంటున్నారు. మొదటి నాలుగు చుక్కలూ ఎర్రగానే ఉన్నాయి. అయిదోది అంచుల్లో మసకబారింది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, పలక మీదికి వంగారు. చాలాసేపు చూశారు. ఆయన కళ్ళముందే ఆ చుక్క నడిమి దాకా రంగు తిరిగింది.

"నీలం," అన్నారు, పక్కవాళ్ళిద్దరికీ వినపడేలా. "పావుగంట కూడా పట్టలేదు."

పెద్ద డాక్టరు నంబరు చూసి మొహం చిట్లించింది. ఆ బిడ్డ రక్తం నిన్ననే మాస్టారు పరీక్షకి వెళ్ళింది, దాని ఫలితం ఇంకా రాలేదు. జ్వరం లేదు, పాలు తాగుతోంది, ఇవాళ సాయంత్రం ఇంటికి పంపేస్తున్నామని తల్లికి చెప్పేశారట. ఆవిడ ఫోను కోసం బ్యాగు వెతుక్కుంటుంటే మాస్టారు లేచారు.

"నా దానికోసం ఆగకండమ్మా," అన్నారు. "రేపటిదాకా ఆగితే ఆ బిడ్డ ఉండదు. ఇప్పుడే మందు మొదలుపెట్టించండి."

ఆవిడ ఫోనులో వార్డుకి ఆ నంబరు చెప్పి, ఆ తల్లిని గేటు దాటనివ్వద్దంది. అవతల్నుంచి ఎవరో ఏదో చెప్పారు. ఆవిడ ఫోను చెవి దగ్గర అలాగే ఉంచుకుని, తల్లీబిడ్డా పది నిమిషాల క్రితమే ఆటో ఎక్కి వెళ్ళిపోయారని మాకు చెప్పింది. వాళ్ళిచ్చిన ఫోను నంబరు పలకడం లేదట. మా వియ్యంకుడు అప్పటికే టోపీ పెట్టుకుని తలుపు తీశారు.

"రండి బావగారూ, జీపుంది," అన్నారు.